మగ్గాల షెడ్డులో నేర్చిన మాట

గిన్నెలో పాతగుడ్డ పరిచి, దాంట్లో ఇంకో గిన్నె పెట్టాను. ఆయన పోయి రెండు వారాలైంది. చప్పుడైతే ఉలిక్కిపడే మనిషి ఇప్పుడీ ఇంట్లో లేడు. అయినా నా చేతులకి ఆ సంగతి ఇంకా తెలియలేదు.

"అమ్మా, నాన్న సంతాప సభలో చదవడానికి రాశాను, విను," అంటూ పెద్దాడు కాగితం పట్టుకొచ్చాడు. మాజీ సైనికుడు, ఇరవై ఎనిమిదేళ్ళు మిల్లులో మగ్గాలు నడిపిన కార్మికుడు, కుటుంబమే లోకంగా బతికిన మనిషి. ఆఖర్న నా గురించి ఒకే ముక్క, "భార్య గృహిణి."

"నేనూ ఆ మిల్లులో నాలుగేళ్ళు చేశానురా."

"పెళ్ళికి ముందు సంగతి ఇప్పుడెందుకమ్మా? టైమైపోతోంది, పద." తలుపుకి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

దారంతా నా కళ్ళు ఆ జేబు మీదే. పది రోజులుగా ఒకటే పాట, వాళ్ళింటికి వచ్చెయ్యమని. "పాపని చూసుకుంటుంటే నీకూ పొద్దుపోతుంది." ఆలోచిస్తానని నేను నాన్చుతున్నాను. మొన్న వంటింట్లో మూత జారిపడింది. నా గుండె ఆగినంత పనైంది. ఎవరూ అరవలేదు. అది గిరగిరా తిరిగి ఆగేదాకా నిలబడి విన్నాను. ఈ ఇల్లు నాకు కావాలని ఆ క్షణంలోనే తెలిసింది.

కుటుంబమే లోకమన్నది అబద్ధం కాదు. జీతం తెచ్చి చేతిలో పెట్టేవాడు, పిల్లలకి జ్వరమొస్తే వాళ్ళ పక్కనుంచి కదిలేవాడు కాదు. కానీ యుద్ధం ఆయన చెవుల్లో ఉండిపోయింది. పళ్ళెం కిందపడితే గోడకి అతుక్కుపోయేవాడు. మొదట్లో జాలిపడి దగ్గరకి తీసుకునేదాన్ని. తర్వాత ఆ భయం నా మీద కోపమైంది. "ఇల్లు నిశ్శబ్దంగా ఉంచడం కూడా చేతకాదా?" అత్తగారు వంతపాడేది, "వాడు తుపాకులకి ఎదురెళ్ళొచ్చాడు, నువ్వు గిన్నెల చప్పుడు ఆపలేవా?" చంటిపిల్లలు ఏడిస్తే ఎత్తుకుని వీధిలో తిరిగేదాన్ని. ముప్పై రెండేళ్ళు ఈ ఇంట్లో ఒక్క కూనిరాగం తీయలేదు. విచిత్రమేమిటంటే, వంద మగ్గాల హోరులో ఆయన హాయిగా ఉండేవాడు. అక్కడ మాట వినబడదు, అందరం పెదవులు చూసే మాట్లాడుకునేవాళ్ళం. "పెళ్ళి చేసుకుంటావా?" అని ఆయన పెదవులతోనే అడిగాడు. వరస వరసంతా చదివేసి పకపకా నవ్వారు. పెళ్ళయ్యాక, "ఒకరి జీతం చాల్లే, మానెయ్," అన్నాడు.

యూనియన్ హాలు నిండిపోయింది. మిల్లువాళ్ళు ముసలివాళ్ళయిపోయారు. మమ్మల్ని ఆయన ఫోటోకి అటూ ఇటూ నిలబెట్టారు. ఒక పక్క నేను, రెండో పక్క నాకెదురుగా పెద్దాడూ మా మరిదీ. పెద్దాడు కాగితం చదివాడు. యూనియన్ పెద్ద, "రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం," అన్నాడు.

అందరూ తలలు వంచారు. నేను వంచలేదు. అందుకే మరిది పెదవులు కనిపించాయి. గుసగుసగా పెద్దాడితో అంటున్నాడు, "ఇటునుంచి ఇటే తీసుకుపో. ఇల్లు అద్దెకిచ్చెయ్. ఆలోచించుకోనిస్తే మొండికేస్తుంది."

"తాళంచెవి నా దగ్గరే ఉందిలే బాబాయ్," అన్నాయి నా కొడుకు పెదవులు.

ఒళ్ళు మండిపోయింది. వాడు నావైపు చూడగానే, మగ్గం దగ్గర చెప్పినట్టే పెదవులు పెద్దగా కదిపి చెప్పాను, "నేను రాను." వాడు అయోమయంగా కనుబొమలు ఎగరేశాడు. కానీ ముందు వరసలో ఓరకంట చూస్తున్న మిల్లువాళ్ళ తలలు ఒక్కొక్కటే లేచాయి. ఒకప్పుడు నా పక్క మగ్గం మీద పనిచేసిన అక్క నన్నే చూస్తూ, శబ్దం లేకుండా అంది, "వాడికి మన మాట ఏం తెలుసే? నోరు తెరిచి చెప్పు."

మౌనం ముగియడానికి ఇంకా నిమిషం ఉంది. ముప్పై రెండేళ్ళు ఆగినదాన్ని, ఆ నిమిషం ఆగలేకపోయాను.

"తాళంచెవి ఇటియ్యరా," అన్నాను, హాలంతా వినబడేలా.