దాటకూడదన్న బోర్డు

నదికి ఇవతల మాది ఫిన్లాండ్. అవతల, మా తమ్ముడు వాల్‌ఫ్రిద్ కాపురముండేది స్వీడన్. చలికాలమంతా గడ్డకట్టిన తోర్నె నది మీదే మా రాకపోకలు. ఆ ఏడు కరోనా రాగానే మా ప్రభుత్వం మంచుబాట మధ్యలో ‘దాటకూడదు’ అని బోర్డు పాతింది. స్వీడన్ మాత్రం కాఫీ హోటళ్లు కూడా మూయలేదు.

రోజూ చెరో ఒడ్డున నిలబడి ఫోనులో దెప్పుకునేవాళ్లం.

“మీవాళ్లు ఉత్త పిరికిపందలే అక్కా!”

“మీవాళ్లకి మనుషుల ప్రాణాలంటే లెక్కలేదురా!”

మే నెలలో ఒక మధ్యాహ్నం అలా పోట్లాడుకుంటూ ఉండగానే పిడుగు పడ్డట్టు చప్పుడైంది. నది నిలువునా పగిలింది. ఇంటంతేసి మంచు పలకలు లేచి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ కదిలాయి. అరవై ఏళ్లుగా చూస్తున్నదే, అయినా రెండడుగులు వెనక్కి వేశాను. ఫోనులో తమ్ముడి ఊపిరి వినబడుతోంది.

మా బోర్డు ఒక పలక మీద నిటారుగా నిలబడి, మెల్లగా తిరుగుతూ వెళ్లి, సరిగ్గా వాడి కాళ్ల ముందు ఒడ్డుకు తగిలింది.

వాడు గొంతు తగ్గించి అన్నాడు: “అక్కా, మీ గవర్నమెంటు మా ఒడ్డుకొచ్చేసిందే. క్వారంటైన్‌లో పెట్టమంటావా?”