అంచున మిగిలిన చెయ్యి

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా కెమెరా పట్టినవాడి సంగతి అంతకంటే అన్యాయం. లాలు కెమెరా కొన్న మొదటి నెలలో భద్రాచలంలో వాడి కంటపడని మేక లేదు, వాణ్ని చూసి బెదరని కోడి లేదు. గిరిజన సంక్షేమ ఆఫీసులో అటెండరు వాడు. బదిలీ మీద పోతున్న గుమస్తా దగ్గర ఒక పాత క్లిక్ కెమెరా కొన్నాడు. రీలుకు పన్నెండు ఫోటోలు. అందులో తొమ్మిది తల తెగో, పొగ కమ్మినట్టో వచ్చేవి. మిగతా మూడింటిని జేబులో పెట్టుకుని ఊరంతా చూపించుకునేవాడు.

వాడికి పని నేర్పింది బస్టాండు దగ్గర స్టూడియో నడిపే చెంచురామయ్య. కోస్తా నుంచి పొలాల కోసం వచ్చి, పొలాలు తమ్ముళ్లకు వదిలేసి ఫోటోల్లో పడ్డ మనిషి. కోపం ముక్కు మీదుండేది గానీ, విద్య దాచుకునే బుద్ధి లేదు. లాలుకు వెలుతురు సంగతి, దూరం సంగతి చెప్పకముందే ఆయన ఇంకో సంగతి చెప్పాడు.

"మనిషి మొహం వాడి సొంతమయ్యా. ఎవరింటికైనా వెళ్తే గుమ్మంలో నిలబడి పిలుస్తామా లేదా? ఇదీ అంతే. అడిగి తియ్యి. వద్దంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యి. తెలిసిందా?"

తెలిసిందన్నాడు లాలు. సంతలో విప్పపువ్వు అమ్మే ముసలమ్మను అడిగాడు, పడవవాణ్ని అడిగాడు, ఆఖరికి గుడి దగ్గర ఎద్దును ఫోటో తీస్తూ ఎద్దు యజమానిని కూడా అడిగాడు. ఊళ్లో అందరినీ అడిగినవాడు సొంత తండా మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అడగడం మానేశాడు. మనోళ్లను అడిగేదేంది అనుకున్నాడు. పరాయివాడు వద్దంటే ఊరుకుంటాం, మనవాళ్లు కాదంటే చిన్నబోతాం కదా. ఆ భయం కూడా లోపల ఎక్కడో ఉండి ఉంటుంది.

ఎనభై ఏడో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. ఒక ఆదివారం మధ్యాహ్నం లాలు గోదావరి రేవు మీద తిరుగుతుంటే పైమెట్ల మీద సక్రి వదిన కనిపించింది. వాడి పెదనాన్న కొడుకు మోతీ భార్య ఆమె. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లల్లేరు, ఆ మాట ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉండేవారు కాబట్టి ఇంట్లో ఆమె నవ్వడం లాలు పెద్దగా చూడలేదు. అలాంటి మనిషి ఆ వేళ తల వెనక్కి వేసి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. పక్కన ఎవరో ఒకతను కూర్చుని ఉన్నాడు. పిలిస్తే నవ్వు ఆగిపోతుందని లాలు పిలవలేదు. పైనుంచే గురి చూసి నొక్కాడు. అంతలో యాత్రికుల గుంపు ఒకటి మెట్ల మీదికి దిగింది. గుంపు పోయాక చూస్తే అక్కడెవరూ లేరు.

ఫోటో కడిగినప్పుడు చెంచురామయ్య మొదటిసారి వాణ్ని మెచ్చుకున్నాడు. నవ్వు అంత బాగా పడింది. అయితే ఒక పక్క ఎవరో అమ్మాయి కదిలిపోయి మసకగా వచ్చింది. "ఆ పక్క కోసెయ్యి. తోటకూరలో ముదురు కాడ తీసి పారేసినట్టే. ఉన్నదంతా పెడితే ఏదీ కనపడదు" అన్నాడు ఆయన. లాలు చీకటిగదిలో ఎర్రలైటు కింద ఆ అమ్మాయిని తప్పించి, పెద్ద సైజులో ప్రింటు వేశాడు. ఇంకా లోపలికి కోస్తే సక్రి భుజం పోతుంది. అందుకని అంచున, కదలకుండా స్పష్టంగా పడ్డ ఆ అమ్మాయి చెయ్యి ఒక్కటి మిగిలిపోయింది.

"ఎవరయ్యా ఈమె?"

"మా వదిన సార్."

"అడిగే తీశావా?"

"అవ్ సార్" అన్నాడు లాలు. నాలుక మీద ఆ రెండు ముక్కలు ఎంత తేలిగ్గా పలికాయో, తరవాత తలుచుకుంటే వాడికే ఒళ్లు మండేది.

ఆ ప్రింటు స్టూడియో ముందు అద్దాల పెట్టెలోకి ఎక్కింది. నాలుగు రోజులు లాలు నేల మీద నడవలేదు. అయిదో రోజు మోతీ వచ్చాడు.

మోతీ సారపాక కాగితం మిల్లులో వెదురు దించే కాంట్రాక్టు కూలీ. యార్డులో తోటివాళ్లు మోతీని పట్టుకుని, "మీ ఆమె అద్దాల పెట్టెల నవ్వుతున్నది, నీతోటి ఎన్నడన్న గట్ల నవ్విందా?" అని అడిగారు. ఏమిటో అనుకుని వచ్చి చూశాడు. పక్కన కూర్చున్నవాడు పోతయ్య, వెదురు లారీ డ్రైవరు. రోజూ తను దించే లోడు తెచ్చేవాడే. లారీడ్రైవరు కళ్లలో కళ్లు పెట్టి చూస్తుంటే తన భార్య నవ్వుతోంది, ఊరందరి ఎదుటా. మోతీ చెంచురామయ్యతో ఒక్క మాట మాట్లాడకుండా ఫోటో తీసుకుని బస్సెక్కాడు. ఆ సాయంత్రానికి తండా అంతా తెలిసిపోయింది. మర్నాడు పంచాయితీ అన్నారు.

కబురు విన్న లాలు స్టూడియోకి పరుగెత్తాడు. చెంచురామయ్య తిట్టలేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. "నాతో అబద్ధం చెప్పావు" అని మాత్రం అని నెగెటివు తీసి చేతిలో పెట్టాడు. లాలు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. కోసి పారేసిన భాగంలో మసకగా ఉన్న అమ్మాయిని ఈసారి జాగ్రత్తగా చూశాడు. ఆమె మంగ్లి, మోతీ చెల్లెలు. ఆమె ఓణీ చివర పోతయ్య చేతిలో ఉంది. పోతయ్య చూస్తున్నది సక్రిని కాదు, సక్రి వెనకాల ఉన్న మంగ్లిని. లాలు మంగ్లిని కోసేసరికి ఆ చూపు వచ్చి సక్రి మీద పడింది.

ప్రాణం లేచొచ్చింది లాలుకి. వదిన తప్పేమీ లేదు, సాక్ష్యం చేతిలోనే ఉంది. నెగెటివును కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని తెల్లారేసరికి తండాలో దిగాడు. బూర్గంపాడు దాటి మూడు మైళ్లు నడిస్తే అడవి అంచున ఉంటుంది తండా. సక్రి బోరింగు దగ్గర బిందె నింపుతోంది. రోజూ అరడజను మంది ఉండేచోట ఆ పొద్దు ఆమె ఒక్కతే ఉంది.

"వదినా, భయపడకు. ఫోటో మొత్తం నా దగ్గరున్నది. మంగ్లి సుత అండ్ల ఉన్నది. అందరికీ చూపిస్త."

సక్రి బోరింగు కొట్టడం ఆపింది. "చూపించకు."

"ఏంది వదినా?"

"మంగ్లి పెండ్లి వచ్చే నెలల. పిలగాడు బడిపంతులు. గీ సంగతి తెలిస్తే ఆ సంబంధం పోతది, మళ్లొకటి రాదు. మీ అన్న కోపం నీకు తెల్వదా? చంపినా చంపుతడు. ఆ పోరి ఏడుస్తుంటే, మేనత్త ఇంటికి పోతున్ననని దానితోటి ఇంట్ల చెప్పించి, ఎవలకు తెల్వకుంట నేనే తోలుకపోయిన. ఇగ మా పిల్ల జోలికి రాకని వానికి గట్టిగ చెప్పి రావాలని పోయిన."

"మరి నవ్వినవ్ కద."

"నవ్వనా? లారీ అమ్మి మేకలు కొంట, నీ ఆడబిడ్డను మంచిగ చూసుకుంట అన్నడు. ఆ లారీ వానిది గాదు లాలూ, వాడు జీతగాడు." ఆ మాట చెబుతుంటే ఆమెకు మళ్లీ నవ్వు రాబోయి, రాక, కళ్లనిండా నీళ్లొచ్చాయి. "నాలుగేండ్ల తర్వాత ఒక్కసారి నవ్విన. అదే నువ్వు దీసినవ్."

లాలు తల దించుకున్నాడు. "ఇప్పుడేం జెయ్యమంటవ్ వదినా?"

"అప్పుడడగలే, ఇప్పుడడుగుతున్నవ్. గందుకే చెప్తున్న. వద్దు."

వద్దంటే వచ్చెయ్యాలి. ఆ పాఠం వాడికి కంఠతా వచ్చు. అది ఎంత కష్టమో ఆ బోరింగు దగ్గర తెలిసింది. చూపిస్తే చెల్లెలు పోతుంది, దాస్తే వదిన పోతుంది. మంగ్లి వాడికీ చెల్లెలే, చిన్నప్పుడు వాడి వీపు మీద తిరిగిన పిల్ల. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా అయింది వాడి పని. పైగా ఆ అడకత్తెర వాడే తెచ్చి పెట్టుకున్నాడు.

తండా పెద్ద నాయక్ ఇంటిముందు పందిరి కింద జనం కూర్చున్నారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు వెనక. సక్రి మధ్యలో నిలబడింది. హీరాలాల్ నాయక్ డెబ్బై దాటిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఫోటో చేతులు మారి ఆయన దగ్గరికి వచ్చింది. అందరూ నవ్వునూ డ్రైవరునూ చూసి ఇచ్చేశారు. ఆయన మాత్రం కాగితాన్ని ఎండలోకి వంచి అంచు దాకా చూశాడు.

"గీ చెయ్యి ఎవలది?"

నాయక్ ఆ అంచు మీద వేలు పెట్టాడు.

"మోచేతి మీదికి గాజుల్లేవు. పెండ్లిగాని పిల్ల చెయ్యి. సక్రి, నీ ఎంబడి ఎవలొచ్చిండ్రు?"

తండాలో పెళ్లయిన ఆడమనిషికి మోచేతి పైన కూడా తెల్లగాజులు ఉంటాయి, పెళ్లికాని పిల్లకు ఉండవు. అది పుట్టినప్పటి నుంచీ చూస్తున్న సంగతే అయినా ఫోటో అంచు కోసేటప్పుడు లాలుకి తట్టలేదు. ఇప్పుడు తను చెప్పకుండానే నిజం బయటపడుతుందేమోనని భయపడ్డాడు, పడితే బాగుండునని కూడా ఆశపడ్డాడు.

"నేనొక్కదాన్నే పోయిన" అంది సక్రి. "రేవుకు వందమంది వస్తరు. ఎవలి చెయ్యో నాకేం ఎరుక?"

"లాలు, దీసినోడివి నువ్వు. నువ్వు చెప్పు."

నెగెటివు చొక్కా జేబులోనే ఉంది. వాడు సక్రివైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపలేదు, కళ్లెర్రజేయలేదు. ఊరికే చూసింది.

"చూసుకోలే కాకా" అన్నాడు.

నాయక్ ఫోటోను మోతీకి అందించాడు. "పెండ్లాం నీది. నువ్వొక్కసారి మంచిగ చూడు. గీ చెయ్యి గుర్తువడ్తున్నదా?"

మోతీ అప్పటిదాకా ఆ ఫోటోలో నవ్వును తప్ప ఇంకేమీ చూడలేదు. ఇప్పుడు చూశాడు. ఆ చేతికి మోచేతి కింద అరచందమామలా ఒక మచ్చ ఉంది. మంగ్లికి ఆరేళ్లప్పుడు కాగే నూనె చిట్లి పడిన మచ్చ అది. ఆ పూట చెల్లెల్ని ఎత్తుకుని బూర్గంపాడు దవాఖానాకు పరుగెత్తింది మోతీయే. మోతీ మొహంలో కోపం ఒక్కసారిగా దిగిపోయి, దానిచోట భయం వచ్చి కూర్చోవడం లాలు చూశాడు. అన్నకు తెలిసిపోయింది. ఇక వదిన గట్టెక్కినట్టే అనుకున్నాడు.

వెనక ఆడవాళ్లలో మంగ్లి మెల్లగా తన చేతిని ఓణీ కింద దాచుకుంది.

మోతీ ఫోటోను నాలుగు ముక్కలు చేశాడు. "నాకు తెల్వది" అన్నాడు, ఎవరివైపూ చూడకుండా. "ఎవల చెయ్యయితే నాకేంది? నవ్వింది నా పెండ్లాం. ఆమెను వాళ్లింటికి తోలుత."

నాయక్ చాలాసేపు మోతీని చూశాడు. ముసలాయనకు ఎంత అర్థమైందో ఎవరికీ తెలియదు. మగడే వద్దన్నాక పంచాయితీ చేసేదేమీ లేదు. కోపాలు చల్లారేదాకా సక్రి పుట్టింట్లో ఉండాలని తీర్పు చెప్పారు. అలా చల్లారేదాకా వెళ్లినవాళ్లు ఎంతమంది తిరిగొచ్చారో తండాలో అందరికీ తెలుసు.

మధ్యాహ్నం బస్సుకు మోతీ ఆమె రేకుపెట్టె మోసుకుని రోడ్డు దాకా వచ్చాడు. లాలు వెంట నడిచాడు. దూరంగా బస్సు దుమ్ము కనబడ్డాక మోతీ చెయ్యి చాపాడు.

"రీలు నీ కాడ్నే ఉన్నది గదా. ఇయ్యి. కాలవెడ్త."

అప్పుడు సక్రి నోరు తెరిచింది. "నీ చెల్లె చెయ్యి నువ్వు గుర్తువట్టినవ్. నేను చూసిన."

మోతీ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఆమెను కాపాడినందుకు నాకు కోపం లేదు. నేనూ గదే చేసిన. కనీ తెలిసినంక ఒక్కపారి నా దిక్కు చూస్తవనుకున్న. చూడలే." ఆమె గొంతు పెంచలేదు. "అది నువ్వు కాలవెట్టొద్దు. నేను తప్పు చెయ్యలేదని చెప్పేటిది లోకంల అదొక్కటే."

లాలు జేబులోంచి కాగితం పొట్లం తీసి ఆమెకు అందించాడు. "నువ్వే తీస్కపో వదినా."

ఆమె దాన్ని అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. "నా కాడ ఉంటే ఆగను లాలు. అమ్మగారింట్ల ఎవరన్న ఒక మాటంటే, ఏదో ఒక దినం కడుపుమంటకు తీసి చూపిస్త. ఆ పోరి కాపురం కూలుతది. ఈయన కాడ ఉంటే కాలవెడ్తడు. నువ్వు దీసినవ్, నువ్వే మొయ్యి."

బస్సు ఆగింది. మోతీ రేకుపెట్టె పైకి అందించాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని మొహం అవతలి వైపుకి తిప్పుకుంది. బస్సు వెళ్లిపోయింది.

అన్నదమ్ములిద్దరూ తండా వైపు నడిచారు. సగం దూరం వచ్చాక మోతీ, "దాన్ని ఏడ పెడ్తవ్?" అని అడిగాడు, చాలా మెల్లగా. నిన్నటిదాకా లాలును అదిలించి మాట్లాడిన అన్న అతను. లాలు చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని నడుస్తున్నాడు. ఇక బతికినన్నాళ్లూ దాన్ని చూపించడానికీ లేదు, పారేయడానికీ లేదు అని వాడికి తెలిసిపోయింది. మోతీ రెండడుగులు వెనకబడి, వాడి జేబు వంక చూస్తూ నడుస్తున్నాడు.