మూడు వందల ఓమ్‌ల గొంతు

నేను ఒక హెడ్‌ఫోన్‌ను. చెవులను పూర్తిగా కప్పే పెద్ద జాతివాడిని. రికార్డింగ్ స్టూడియోలలోని బలమైన ఆంప్లిఫైయర్ల కోసం నన్ను తయారు చేశారు. నా లోపలి తీగ వెంట్రుకకన్న సన్నం; విద్యుత్తుకు అది చూపే అవరోధం మూడు వందల ఓమ్‌లు. ఆ అంకె నా గొంతు బలాన్ని తెలిపేది కాదు. నన్ను పలికించడం ఎంత కష్టమో తెలిపేది. మనుషులు మాత్రం పెద్ద అంకె కనబడితే ముందు గౌరవిస్తారు, ఆనక కూడా విచారించరు.

గుంటూరులో నన్ను కొన్నవారు నాదస్వర విద్వాంసులు షేక్ దస్తగిరి సాహెబుగారు. అల్లుడు ఆయనకు జేబులో ఇమిడే మ్యూజిక్ ప్లేయరు బహూకరించి, అందులో ఆయన గురువుగారి తోడి రాగాలాపనను ఎక్కించాడు. దానిని మళ్లీ మళ్లీ విని, స్వామివారి కల్యాణంలో అదే బాణీలో వాయించాలని సాహెబుగారి సంకల్పం.

"దీనికి ఈ చిన్నవి సరిపోతాయండీ, పదహారు ఓమ్‌లు," అన్నాడు దుకాణదారు.

"ఆ పెద్దది?"

"మూడు వందలండీ. కాని అది..."

"పదహారు నాకు చూపిస్తావేమయ్యా! నేను వాయించేది నాదస్వరం, పిల్లనగ్రోవి కాదు."

దుకాణదారు నన్ను పొట్లం కట్టాడు.

ఇంటికి వెళ్లి ఆయన నన్ను ధరించారు. పాపం, ఆ చిన్న ప్లేయరు తన శక్తినంతా కూడదీసుకున్నా నన్ను సగమైనా కదిలించలేకపోయింది. శబ్దం పూర్తిగా పెంచినా గురువుగారి తోడి పొరుగూరి నుంచి గాలికి తేలివచ్చినట్లు వినిపించింది. గమకాలు అందలేదు. సాహెబుగారి ముఖం పాలిపోయింది. జీవితమంతా డోలు పక్కన నిలబడి వాయించిన ఆయన తండ్రికీ పెదనాన్నకూ వార్ధక్యంలో చెవులు పోయాయి. తన వంతు వచ్చిందని ఆయన నిశ్చయించుకున్నారు.

"మస్తాన్‌బీ, నాకు చెవులు పోయాయి."

"వంటింట్లో నేను గొణుక్కునేవన్నీ వినబడతాయి గాని, పాట వినబడదా?" అన్నది భార్య.

"మాట వేరు, సంగీతం వేరు. నీకు తెలియదు."

డోలు విద్వాంసుడు వీరరాఘవులు వచ్చి, "అన్నా, ఆ డిప్పలు తీసి వేరేవి పెట్టుకొని చూడు. లేదా డాక్టరుకు చూపించు," అన్నాడు.

"దుకాణంలో ఇంతకు మించినది లేదు. దీనిలో లోపం ఉంటుందా? సన్నాయి సాయిబుకు చెవుడని డాక్టరు చేత చాటింపు వేయించమంటావా?"

లోపం మీది కాదని చెప్పడానికి ఆయన చెవులకు నాకన్న దగ్గరగా ఉన్నవారెవరు? అయినా నాకు అందినదే నేను పలకగలను; సొంతమాట ఒక్కటీ లేదు. ఆయన నాదస్వరాన్ని పట్టుగుడ్డలో చుట్టి శిష్యుడికి ఇచ్చివేశారు. కల్యాణంలో అతడే వాయించాడు.

వీరరాఘవులు సాహెబుగారిని అడిగి నన్ను తీసుకొని, తాను డోలు రికార్డు చేసే విజయవాడ స్టూడియోకు పట్టుకుపోయాడు. అక్కడి ఆంప్లిఫైయరుకు తగిలించగానే నాకు మొదటిసారి నిండు ఊపిరి అందింది. అతడు ఉలిక్కిపడి నన్ను తలమీదినుంచి లాగివేశాడు. ఒక్క క్షణం నన్నే చూశాడు. వెంటనే స్పీకరు పెట్టి ఫోను చేశాడు.

"అన్నా! నీ చెవులు నిక్షేపంగా ఉన్నాయి! ఆ ప్లేయరుకు దీన్ని పలికించే శక్తి చాలలేదు, అంతే!"

ఫోనులోంచి సాహెబుగారి స్వరం వచ్చింది.

"నన్ను ఓదార్చడానికి కథలు అల్లకు, రాఘవులూ. అంత గట్టిగా అరవకు కూడా."