ముందే వేసిన హాజరు

ఊళ్లో ఆమెను కత్తెర టీచరంటారు. ఇరవై ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాక, మంచి పేరుంది కదా అని పట్టణానికి గౌరవాధ్యక్షురాలిని చేశారు. అధికారం ఆవగింజంత, ఆర్భాటం కొండంత. ఎవరో రాసిన ఉపన్యాసం చదవాలి, ఎవరో పట్టుకున్న రిబ్బను కత్తిరించాలి. ఏ సభలో కూర్చున్నా ఆమె కళ్లు మాత్రం తలలు లెక్కపెట్టేవి. ఎన్నిసార్లు లెక్కించినా ఒకటి తగ్గేది.

ఆ రోజు పాత బావి పూడ్చిన చోట పిల్లల పార్కు తెరవాలి. పందొమ్మిదేళ్ల కిందట ఆ బావిలో పడి చనిపోయిన పిల్ల తల్లిని కూడా పిలిచారు. కుట్టుపని చేసుకునే మనిషి. ఆఫీసు గదిలో కుర్చీ అంచున ఒదిగి కూర్చుంది.

గుమాస్తా కాగితం అందించాడు. "రెండు నిమిషాలేనండి మేడమ్. ముక్క మార్చారో, పైవాళ్లు నన్ను నంజుకు తింటారు."

టీచరు పైకి చదువుతూ మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. 'బడి ఎగ్గొట్టి ఆటలకు వెళ్లిన చిన్నారి...'

"అందులోనూ ఎగ్గొట్టిందనే రాశారా టీచరుగారూ?" అంది తల్లి. "పందొమ్మిదేళ్లుగా అదే మాట. వాళ్ల నాన్న పోయేదాకా దాన్నే తిట్టుకున్నాడు. బడంటే చెవి కోసుకునేదండీ అది. ఆవేళ మీరేమన్నా కోప్పడ్డారా? చెప్పండి, ఏమీ అనుకోను."

టీచరు కాగితం కిందికి దించింది. రాని పిల్లల ఇంటికి పది గంటలకల్లా ఆయాతో కబురు పంపడం ఆ బడి పద్ధతి. ఆవేళ తనిఖీ అధికారి వస్తున్నాడని, గంట కొట్టకముందే ఆమె అందరికీ హాజరు వేసేసింది. సాయంత్రం పిల్ల ఇల్లు చేరలేదు. బడికి వచ్చిందని హాజరు పట్టీ చెబుతోంది కనుక అందరూ బడి చుట్టుపక్కలే వెతికారు. బావేమో వాళ్లింటి నుంచి బడికి వచ్చే దారిలో ఉంది. మర్నాడు బయటికి తీశాక, మధ్యాహ్నందాకా ప్రాణం ఉండే ఉంటుందన్నాడు డాక్టరు. హాజరు పడి ఉంది కనుక, మధ్యలో బడి ఎగ్గొట్టి ఆటలకు పోయి పడిందని ఊరంతా అనుకుంది.

"అది ఎగ్గొట్టలేదమ్మా," అంది టీచరు. "అసలు బడికి చేరనేలేదు. వస్తూ వస్తూ పడిపోయింది. నేనే చూడకుండా హాజరు వేశాను."

గుమాస్తా వెళ్లి తలుపు మూశాడు.

తల్లి తల వంచుకుంది. "బడికే వస్తోందన్నమాట నా తల్లి," అంది. ఒక్క క్షణం ఆమె ముఖం తేటపడింది. తర్వాత మెల్లగా తలెత్తింది. "ఆవేళ పది గంటలకు నేను ఇంట్లోనే ఉన్నానండీ. మిషను ముందు."

బయట కారు హారన్ మోగింది. టీచరు కాగితం బల్లమీద పెట్టి లేచింది. "అందరి ముందూ చెబుతానమ్మా. నువ్వూ రా."

"చెప్పండి. మంచిపిల్లని కూడా చెప్పండి," అంది తల్లి, కుర్చీలోంచి కదలకుండా. "మీ పక్కన మాత్రం నేను నిలబడలేను."