హాల్వర్‌ను మెచ్చుకున్న పాఠకుడు

ఆర్డిత్ లిండ్వాల్ ఒక్క నవల మీద పదకొండేళ్లు కూర్చుంది. పొద్దున స్కూలు బస్సు నడిపి, మళ్లీ సాయంత్రం నడిపి, మధ్యలో దొరికిన గంటల్లో వంటింటి బల్ల మీద రాసుకుంది. అమెరికాలో మోంటానా రాష్ట్రం తూర్పు కొసన కొత్తగా దిగినవాళ్లు బీళ్లు దున్ని, గడ్డిపెళ్లలతో ఇళ్లు కట్టుకున్న రోజుల కథ అది. ఉత్తరాల మీద పెళ్లి కుదుర్చుకుని నార్వే నుంచి ఒంటరిగా వచ్చి రైలు దిగిన రాగ్నా, ఆమె కోసం బండి కట్టుకొచ్చిన హాల్వర్. వాళ్లిద్దరూ ఆర్డిత్‌కు తాతమ్మ, ముత్తాత. పేర్లు కూడా మార్చలేదు. ‘రాగ్నా చలికాలం’ అని పేరు పెడితే, మినియాపోలిస్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ అచ్చు వేసింది.

అరవై ఒకటో ఏట వచ్చిన మొదటి పుస్తకం. పాఠకుల అభిప్రాయాలు ఇంటర్నెట్‌లో పడటం మొదలైన దగ్గర్నుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు. నిద్ర లేచి మొహమైనా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చునేది. టెన్నెసీ నుంచి ఒకావిడ, ఒక్క ముద్దు కోసం పదకొండో అధ్యాయం దాకా కూర్చోబెట్టారని, ఈలోపు మా ఆయన రెండుసార్లు కునుకు తీసి లేచాడని రాసింది. ఇంకొకాయన, నడి జనవరిలో ఆ ఆవు అన్ని పాలు ఎలా ఇచ్చిందో చెప్పమని నిలదీశాడు. మంచం పట్టిన తల్లికి రోజూ పది పేజీలు చదివి వినిపించానని, పుస్తకం అయిపోయిన మర్నాడే ఆమె పోయిందని ఒక కూతురు రాస్తే, ఆర్డిత్ ఆ రోజంతా ముక్కు చీదుకుంటూనే బస్సు నడిపింది. చక్కెర దుంపలు పండించే ఆమె భర్త ఆరిన్, పొయ్యి మీద పాలకైనా ఇంత కాపలా కాయవని ఎగతాళి చేసేవాడు.

మెచ్చుకున్నవాళ్లు చాలామంది మెచ్చుకున్నది పదిహేడో అధ్యాయాన్నే. అందులో, హాల్వర్ దెబ్బలకు ఇక తాళలేక రాగ్నా మూట కట్టుకుని, రైలు స్టేషనుకు పోతున్న పొరుగువాళ్ల బండి ఎక్కబోతుంది. హాల్వర్ ఆమెను ఎత్తుకెళ్లి బంగాళాదుంపలు దాచుకునే నేలమాళిగలో దింపి, బయట గడియ వేస్తాడు. ఆ మధ్యాహ్నమే మంచు తుఫాను విరుచుకుపడుతుంది. బండిలో వెళ్లినవాళ్లు దారిలోనే గడ్డకట్టుకుపోతారు. మూడో రోజున హాల్వర్ గోళ్లు ఊడేలా మంచు తవ్వి తలుపు తీస్తే, రాగ్నా అతని గుండెల మీద వాలిపోతుంది. ప్రేమంటే ఇదీ, అని పాఠకులు రాశారు.

ఫిబ్రవరి మొదటి వారంలో ఒకే ఒక్క నక్షత్రంతో ఒక అభిప్రాయం వచ్చింది. రాసినావిడ పేరు మార్వా. ఊరు టోల్బర్ట్, అంటే ఆర్డిత్ ఇంటికి తొంభై మైళ్లు.

“ఈ పుస్తకం నా చెల్లెలు కార్లిస్ ఆసుపత్రిలో చదివింది. మొగుడు మెట్ల మీంచి తోస్తే మణికట్టు విరిగి అక్కడ చేరింది. ఇక వాడి గడప తొక్కనని నాతో అంది. తర్వాత పదిహేడో అధ్యాయం నాకు చదివి వినిపించి, ‘చూడు మార్వా, కొందరి ప్రేమ పైకి ఇలాగే కరుకుగా ఉంటుంది’ అంది. మర్నాడు వాడొస్తే కారెక్కి వెళ్లిపోయింది. ఆరు రోజులైంది, ఫోన్ ఎత్తడం లేదు. రాసినావిడను ఒక్కటే అడగాలని ఉంది. బయట గడియ వేసినవాడిది ప్రేమని మీకెవరు చెప్పారు?”

ఆర్డిత్ నిలబడే చదివింది. చదివాక కుర్చీ లాక్కుని కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదివింది.

ఎవరూ చెప్పలేదు. రాగ్నా కూతురు సిగ్రిడ్, ఆర్డిత్‌కు అమ్మమ్మ, చెప్పిన కథ వేరు. రాగ్నాను గడియ వేసి ఉంచిన మూడు రోజులూ బయట ఎండ కాసింది. తుఫాను ఆ తర్వాత నాలుగు రోజులకు గానీ రాలేదు. బండిలో వెళ్లినవాళ్లు క్షేమంగా రైలెక్కారు, ఎన్నాళ్లకో సియాటిల్ నుంచి ఉత్తరం కూడా రాశారు. అదంతా తెలిసే ఆర్డిత్ తుఫానును వారం రోజులు ముందుకు జరిపింది. కథ కుదిరిందని ఆ రోజు ఎంత సంబరపడిందో కూడా ఆమెకు గుర్తుంది. ఆరిన్‌ను పిలిచి మరీ చదివి వినిపించింది.

టోల్బర్ట్ గ్రంథాలయంలో పనిచేసే ఆవిడను బతిమాలితే మార్వా నంబరు దొరికింది. తానెవరో చెప్పగానే మార్వా అడ్డు తగిలింది.

“ఏంటి, నక్షత్రాలు పెంచమనడానికి చేశారా?”

“కాదండీ. మీ చెల్లెలు కనబడిందా?”

మార్వా మెల్లగా చెప్పుకొచ్చింది. షరీఫు ఆఫీసు పోలీసులు రెండుసార్లు వెళ్లారు. రెండుసార్లూ మొగుడు గేలెన్ నవ్వుతూనే తలుపు తీశాడు. వెనక కార్లిస్ నిలబడి, నాకేం, బాగానే ఉన్నానంది. అంతకు మించి తామేం చేయలేమని వాళ్లు వచ్చేశారు. మార్వాను మాత్రం అతను గేటు దాటనివ్వడు. ఆమె కారు ఆ రోడ్డు మీద కనబడినా ఆ కసి కార్లిస్ మీదే తీర్చుకుంటాడు.

“నేను వెళ్తాను,” అంది ఆర్డిత్.

“వెళ్లి ఏం చేస్తారు? పుస్తకం మీద సంతకం పెట్టి వస్తారా?”

“ఏం చేస్తానో నాకే తెలీదండీ. రాసినదాన్ని కదా, నన్నయితే లోపలికి రానిస్తాడేమో.”

ఆరిన్ తానూ వస్తానన్నాడు. పక్కన మగమనిషి కనబడితే గేటు దగ్గరే ఆపేస్తాడని ఆమె ఒప్పుకోలేదు. అతను గొణుక్కుంటూ టైర్లు చూసి, ట్రక్కు వెనక రెండు కంబళ్లు, ఒక పార పడేశాడు.

ఆమె గేలెన్ వాళ్ల గేటు చేరేసరికి పగలు పదకొండు దాటింది. గేటు నుంచి ఇంటికి పావు మైలు దారి, రెండు పక్కలా మోకాలి లోతు మంచు. గేలెన్ నున్నగా గడ్డం గీసుకున్న మనిషి, నెమ్మదైన గొంతు. ఆమె ఎవరో వినగానే అతని మొహం విప్పారింది. తనే గేటు తీసి, ఆమె ట్రక్కు లోపలికి పోనిచ్చి, వెనకే గొలుసు వేసి వచ్చాడు.

కార్లిస్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. పొడుగు చేతుల స్వెట్టరు కింద నుంచి కట్టు కొస కనిపిస్తోంది. మంచి చేత్తో కాఫీ పోసింది, దాల్చినచెక్క వేసిన రొట్టె కోసి పెట్టింది. ఆర్డిత్ వైపు ఒక్కసారే చూసింది. ఆ చూపులో భక్తి లాంటిది ఉంది, దాన్ని ఆర్డిత్ భరించలేకపోయింది. పుస్తకం బల్ల మీదే ఉంది. పదిహేడో అధ్యాయం నిండా పెన్సిలు గీతలు.

“ఆ గీతలు నావే,” అన్నాడు గేలెన్. “నేను పుస్తకాలు చదివే మనిషిని కాను. ఇది మాత్రం రెండుసార్లు చదివానండీ. మగవాడి మనసు తెలిసి రాసినవాళ్లు ఇన్నాళ్లకు ఒకరు దొరికారు. హాల్వర్ చేసిందాంట్లో తప్పేముంది? వదిలేస్తే చచ్చేది. నేనూ ఇదే చెప్తుంటాను. ఏం కార్లిస్?”

కార్లిస్ తలూపింది.

వచ్చిన వందల అభిప్రాయాల్లో ఇంత ప్రేమగా ఎవరూ మాట్లాడలేదు. ఆర్డిత్ చేతిలో కప్పును బల్ల మీద పెట్టేసింది. అతను గది వదిలి కదిలేలా లేడు. చెప్పేదేదో అతని ఎదుటే చెప్పాలి.

“అందులో నేనొక అబద్ధం రాశాను,” అంది, కార్లిస్‌నే చూస్తూ. “ఆ రోజు తుఫాను లేదమ్మా. ఎండ కాసింది. బండిలో వెళ్లినవాళ్లెవరూ చావలేదు. ఆమె వెళ్లిపోతుందని గడియ వేశాడు, అంతే. అప్పుడామెకు అయిదో నెల. మూడో రోజు తలుపు తీసేసరికి కడుపు పోయింది. ఆ తర్వాత నలభై ఏళ్లు ఆ ఇంట్లోనే ఉంది. ఎండాకాలంలో కూడా ఒంటి మీద కోటు తియ్యలేదట. ఎందుకమ్మా అని మా అమ్మమ్మ అడిగితే, ఎప్పుడైనా బండొస్తే ఆలస్యం కాకూడదు కదా అనేదట.”

గేలెన్ నవ్వు అలాగే ఉంది గానీ, కళ్లు ఆ నవ్వును వదిలేశాయి.

“పుస్తకంలో ఉన్నదే బాగుంది,” అంది కార్లిస్, తల ఎత్తకుండా.

గేలెన్ లేచి, దారి జారుడుగా ఉంది, వెలుతురుండగానే బయల్దేరండి, అని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆర్డిత్‌ను గేటు దాకా సాగనంపి గొలుసుకు తాళం కూడా వేశాడు.

రోడ్డెక్కి నూరు గజాలు పోయిందో లేదో, ఆమె ట్రక్కు ఆపేసింది. ఇంత దూరం వచ్చి ఏం చేసినట్టు? ఆ పిల్ల మీద అతనికి కోపం తెప్పించింది, తాను మాత్రం క్షేమంగా బయటపడింది. ఇంటికి పోయి ఏ మొహంతో పడుకుంటుంది? వెనక్కి తిప్పి, గేటుకు ఎదురుగా, రోడ్డు మీదే నిలిపింది. అక్కడి నుంచి షరీఫు ఆఫీసుకు ఫోన్ చేసింది. మనిషిని పంపడానికి సాయంత్రం అవుతుందన్నారు. మార్వాకు చేసింది. వస్తున్నానని మార్వా మారుమాట లేకుండా పెట్టేసింది.

కాసేపటికి గేలెన్ నడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు.

“మీరిక్కడ కూర్చుంటే దానికే మంచిది కాదు,” అన్నాడు, అదే నెమ్మదైన గొంతుతో. చెప్పి వెనక్కి వెళ్లిపోయాడు.

ఆర్డిత్ ట్రక్కులోనే కూర్చుంది. ఉంటే ఏం జరుగుతుందో, పోతే ఏం జరుగుతుందో తెలియదు. ఇంటి కిటికీ వైపే చూస్తూ, చిన్నప్పుడు నేర్చిన ప్రార్థన మొదలుపెట్టి, సగంలో మాటలు గుర్తురాక మళ్లీ మొదటికొచ్చింది. అలా ఎన్నిసార్లో. పశువుల కొట్టంలో తొలిచూలి ఆవు ఒకటి ఈనలేక అరుస్తోంది. ఆ అరుపు రోడ్డు దాకా వినిపిస్తోంది. గేలెన్ వాకిట్లో నిలబడి ఒకసారి ట్రక్కు వైపు, ఒకసారి కొట్టం వైపు చూశాడు. మూడు కావస్తుండగా ఆవు గొంతు మారింది. అతను చొక్కా చేతులు మడుచుకుంటూ కొట్టంలోకి పరిగెత్తాడు.

అప్పుడు ఇంటి తలుపు తెరుచుకుంది.

కార్లిస్ ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయటికొచ్చింది, కోటైనా లేకుండా. వేగంగా కాదు, చెత్త పారబోయడానికి వెళ్తున్న మనిషిలా నడుస్తోంది. ఆర్డిత్ ట్రక్కు దిగి గేటు పట్టుకుంది. తాళం. పక్కన ముళ్లకంచె తీగల మధ్య నుంచి దూరింది. కోటు చిరిగింది, తొడ గీరుకుంది. పడుతూ లేస్తూ ఎదురు పరిగెత్తింది. సగం దారిలో ఇద్దరూ కలిసేసరికి, కొట్టం గుమ్మంలో గేలెన్ కనబడ్డాడు. మోచేతుల దాకా నెత్తురు.

“కార్లిస్, ఆ చెప్పులు జారతాయి. లోపలికి రా.”

కార్లిస్ ఆగిపోయింది. ఆమె కాళ్లు ఆ గొంతుకు అలవాటు పడి ఉన్నాయి. ఆర్డిత్ నోరు తెరిచింది. పదకొండేళ్లు మాటలతోనే బతికిన మనిషికి ఒక్క మాట రాలేదు. కార్లిస్ మంచి చేతిని రెండు చేతులతో పట్టుకుని లాగింది. మొండికేసిన దూడను లాగినట్టు, సిగ్గూ మర్యాదా లేకుండా, ఏడుస్తూ లాగింది. రోడ్డు మీద మార్వా కారు హారను మోగిస్తూ వచ్చి ఆగింది.

గేలెన్ రెండడుగులు ముందుకు వేశాడు. కొట్టంలో ఆవు మళ్లీ అరిచింది. అతను నిలబడ్డాడు.

“రాత్రికల్లా నువ్వే వస్తావులే,” అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి కార్లిస్ వెళ్లలేదు. మార్వా ఇంట్లో, పక్క గదిలో దీపం వేసుకుని పడుకుంది.

ఆర్డిత్ ప్రచురణకర్తకు ఉత్తరం రాసింది. పదిహేడో అధ్యాయం మార్చాలని, లేకుంటే పుస్తకం ఆపేయాలని వేడుకుంది. పాఠకులకు అంతగా నచ్చిన ఘట్టాన్ని ముట్టుకోలేమని, రెండో ముద్రణ అప్పటికే అచ్చులో ఉందని, మీ ఆవేదన అర్థమైందని వాళ్లు బదులిచ్చారు. అసలు సంగతి తన పేరుతోనే ఇంటర్నెట్‌లో పెడితే, పాఠకులు మండిపడ్డారు. మా హాల్వర్‌ను మీరే చంపుకున్నారని ఒకావిడ రాసింది. మీ తాతమ్మ గోల మాకెందుకు, కథ కథే కదా అని ఇంకొకరు. మంచి అభిప్రాయాలు మాత్రం వస్తూనే ఉన్నాయి, వారానికి మూడో నాలుగో.

మార్చి చివర్లో ఆమె మార్వా ఇంటికి వెళ్లింది. కార్లిస్ కట్టు విప్పేశారు. ఇద్దరే ఉన్నప్పుడు, రాత్రింబవళ్లు తనను తినేస్తున్న ప్రశ్నను ఆర్డిత్ అడిగేసింది. నువ్వు వెనక్కి వెళ్లింది నా పుస్తకం వల్లేనా?

కార్లిస్ లేచి కాఫీ కూజా తెచ్చింది.

“అది లేకపోయినా వెళ్లేదాన్నే,” అంది. “ఇంతకు ముందు నాలుగుసార్లు అలా వెళ్లాను. కానీ ఆ నాలుగుసార్లూ సిగ్గుపడుతూ వెళ్లాను. ఈసారి సిగ్గు లేకుండా వెళ్లాను.”

అంటూనే ఆర్డిత్ కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది. ఆర్డిత్ దాన్ని తాగలేక, వద్దనలేక, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఏప్రిల్‌లో కార్లిస్ మళ్లీ గేలెన్ దగ్గరికి వెళ్లింది. తొమ్మిది రోజులున్నాక, ఒక ఆదివారం మధ్యాహ్నం అతను నిద్రపోతుంటే, తనంతట తానే నడిచి రోడ్డెక్కి, పాల లారీ ఆపి తిరిగొచ్చింది. ఈసారి ఎవరూ వెళ్లలేదు, ఎవరూ లాగలేదు. ఇప్పుడు బిస్మార్క్ పట్నంలో ఒక ఆసుపత్రి బట్టలుతికే చోట పనిచేస్తోంది. గది అద్దెకు తీసుకునేటప్పుడు, తలుపు గడియ ఏ వైపుందో చూసి మరీ తీసుకుందని మార్వా చెప్పింది.