తెల్లచీరకు ముప్పై ఎనిమిది మార్కులు

మా బట్టల షోరూమ్ కాశీబుగ్గ మెయిన్ రోడ్డులో ఉంది. మూడేళ్లుగా నేనక్కడ ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని. గత ఏడాది విశాఖ హెడ్డాఫీసు ఒక ఏజెన్సీని పెట్టుకుంది. ఏజెన్సీ మనుషులు మామూలు కస్టమర్లలా వచ్చి, కొనుక్కుని, వెళ్లాక మాకు మార్కులు వేస్తారు. ముప్పై సెకన్లలో పలకరించారా, నవ్వారా, మంచినీళ్లిచ్చారా, ఇంకో రకం చూపించారా, "మళ్లీ రండి" అన్నారా. ఇలా ఇరవై ప్రశ్నలు, వంద మార్కులు. దీనివల్ల మాలో ఉత్సాహం పుడుతుందని ఏరియా మేనేజర్ ప్రదీప్ కుమార్ చెప్పాడు. మార్కులు బాగా వస్తే లిఫ్టు పక్కన ఫొటో పెడతారు. రెండుసార్లు యాభైకి తగ్గితే ఇంటికి పంపుతారు. ఈ రెండోది విన్నాక ఉత్సాహం బాగానే పుట్టింది.

చీరల సెక్షన్‌లో దోర్కాస్ అక్కకు మొదటిసారే ముప్పై ఎనిమిది వచ్చాయి. పదకొండేళ్లుగా అక్కడే పని. భర్తకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఇంట్లో జీతం ఆమెదొక్కటే.

రిపోర్టు చదివాను. ఆ రోజు వచ్చినామె ఒంటరిగా వచ్చింది. అంచులేని తెల్లచీర ఒకటి, మూడు మీటర్ల తెల్లగుడ్డ అడిగింది. బేరమాడలేదు. తొందరగా ఇమ్మంది. ఏజెన్సీ ఆమెకు రాసిచ్చిన వేషం 'తొందరలో ఉన్న కస్టమర్' అట.

పూండి నుంచి మూలపేట దాకా ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. ఒంటరిగా వచ్చి, బేరం లేకుండా, తెల్లచీర, తెల్లగుడ్డ కలిపి పట్టుకెళ్తే అది శవం మీదికే. అమ్మేవాళ్లు నవ్వరు. ఇంకో రకం చూపించరు. చావింటి నుంచి కదిలేటప్పుడు వెళ్లొస్తానని ఎవరూ అననట్టే, ఇక్కడా "మళ్లీ రండి" అనరు. 'మీ ఇంట రోజూ పండగే' అని అచ్చేసిన మా సంచి ఇవ్వరు, పేపర్లో చుట్టి ఇస్తారు. దోర్కాస్ అక్క ఇవన్నీ సరిగ్గా చేసింది. పైగా మెల్లగా "ఎవులమ్మా పోనాది?" అని అడిగింది. 'వ్యక్తిగత ప్రశ్న వేశారు' అని రాసుకుని ఆ తెలివైన మనిషి ఐదు మార్కులు కోసింది.

ఇదంతా ప్రదీప్ కుమార్‌కు ఫోన్‌లో చెప్పాను.

"ఎమోషన్స్ వద్దు మనోహర్. ఈ వారం ఇంకో విజిట్ ఉంది. ఆవిడకు నవ్వడం నేర్పించు."

ఎంబీఏ చదివాను కదా, నేర్పించడానికి వెళ్లాను.

"అక్కా, ఎవులొచ్చినా నవ్వీ."

"పీనిగ మీద గుడ్డకొచ్చినోలకి కూడానా, బాబూ?"

"ఎవులెందుకొచ్చారో మనకెలగ తెలుత్తాది?"

"నీకు తెల్దు. నాకు తెలుత్తాది. పదకొండేల్ల నుంచీ ఏటి సేత్తన్నాననుకున్నావు?"

గురువారం ఒక పెద్దాయన ఒంటరిగా వచ్చాడు. అంచులేని తెల్లచీర, మూడు మీటర్ల తెల్లగుడ్డ. ధర అడగలేదు. సెక్షనంతా గుసగుసలు. అదే వేషం, ఏజెన్సీవాడే అని. దోర్కాస్ అక్క ఆయన ముఖం చూసి తల దించుకుంది. ఆమె ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆమె బదులు నేనే ముందుకెళ్లి నవ్వాను. మంచినీళ్ల బాటిల్ ఇచ్చాను. "కొత్త పట్టుచీరలు వచ్చాయి సార్, మేడమ్‌కి చూపించమంటారా?" అన్నాను. చీరా గుడ్డా పండగ సంచిలో పెట్టి, రెండు చేతులతో అందించి, "మళ్లీ రండి సార్" అన్నాను.

ఆయన సంచి మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. తర్వాత నా వైపు చూశాడు.

"మాయక్క కూడా పోనాది. మల్లీ రావాలంటే ఇంట్లో ఇంక నేనొక్కడినే మిగిలాను, బాబూ. నా గుడ్డకి ఎవులొత్తారో మరి."

దోర్కాస్ అక్క నన్ను పక్కకు నెట్టింది. సంచి తీసేసి పేపర్లో చుట్టింది. ఆయన మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపి, ఆటో ఎక్కించి వచ్చింది. ఆ ఆరు నిమిషాలూ ఆమె కౌంటర్ ముందు కళ్లద్దాలావిడ ఒకరు నిలబడి గడియారం చూసుకుంటున్నారు. ఆ వారం ఏజెన్సీ పంపిన మనిషి ఆవిడే.

రిపోర్టు సోమవారం వచ్చింది. దోర్కాస్ అక్కకు ఇరవై రెండు. అడుగున ఇంకో వాక్యం ఉంది. 'పక్క కస్టమర్‌తో సూపర్‌వైజర్ ప్రవర్తన ఆదర్శప్రాయం.' లిఫ్టు పక్కన నా ఫొటో పెట్టారు.

దోర్కాస్ అక్క దాని ముందు ఆగింది.

"నవ్వు బాగానే నేర్సుకున్నావు, బాబూ."

ఆమెను తీసేసే ఉత్తరం నా సంతకం కోసం వచ్చింది. ఎనిమిది రోజులైంది. నా సొరుగులోనే ఉంది. సంతకం పెట్టను. ఆమె రోజూ వచ్చి చీరలు మడతపెడుతోంది. ప్రదీప్ కుమార్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. ముప్పై సెకన్లలోపే ఎత్తి, నవ్వుతూ పలకరించి, ఇంకేమైనా కావాలా సార్ అని అడిగి, మళ్లీ చేయండి అని పెట్టేస్తున్నాను.