పట్టాల గాడి

హన్మంతు వల్ల నా పొలం పోయింది. ఈ మాట దుబాయ్ జెబెల్ అలీ క్యాంపులో ఎంతమందితో అన్నానో నాకే తెలియదు. మా గదిలో ఉన్న ఎనిమిది మందికీ చెప్పాను. మెస్సులో రొట్టెలు కాల్చే మీరావలికి చెప్పాను. అతను వినీ వినీ విసిగిపోయి, నేను పళ్ళెం పట్టుకుని కనబడగానే "క్యా పోచన్నా, జమీన్ వాపస్ ఆయా?" అని వెక్కిరించేవాడు. శుక్రవారం సెలవుకు సత్వా బజారుకు పోతే, టీకొట్టు ముందు నిలబడ్డ మన జిల్లా వాళ్ళకు కూడా చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. బామ్మర్దికి వీసా కొనిచ్చి మునిగిపోయిన పోచన్న అని నాకు పేరు పడింది. ఆ పేరు నాకు బాగానే ఉండేది.

హన్మంతు నా భార్య లింగవ్వ తమ్ముడు, నాకంటే పద్నాలుగేళ్ళు చిన్న. నేను డెబ్భై తొమ్మిదిలో దుబాయ్ వచ్చాను. ఎనభై రెండులో వాడిని తెచ్చుకున్నాను. వీసాకు పద్నాలుగు వేలు కావాలంటే, నా బావి కింది పొలాన్ని మా ఊరి దుకాణదారు వెంకట్రాములు పేరు మీదికి రాయించాను. రెండేళ్ళలో మిత్తితో సహా పైకం కడితే పొలం మళ్ళీ నా పేరున రాస్తాడు, లేకపోతే ఆయనదే. అదీ ఒప్పందం. "నేనున్న గద బావా, ఏడాదిన్నరల ఇడిపిస్త. నువ్వు బీడీ ముట్టిచ్చుకోని కూసో" అన్నాడు హన్మంతు.

మా పని కాంక్రీటు దిమ్మెలు పోసే యార్డులో, ఇనుప కడ్డీలు కట్టడం. యార్డు చాలా పెద్దది. కంపెనీ బస్సు గేటు దగ్గర దింపేస్తుంది. అక్కడి నుంచి మా షెడ్డుకు మైలు పైనే నడక. సైకిలున్నవాడు వెనక బస్సుకు రావచ్చు, అరగంట ఎక్కువ పడుకోవచ్చు, ఎండలో నడిచే బాధ తప్పుతుంది. అందుకని చాలామంది పాత సైకిళ్ళు కొనుక్కుని గేటు దగ్గర గొలుసులు వేసి పెట్టుకునేవాళ్ళం. దారిలో పెద్ద క్రేను పట్టాలు దాటాలి. నాలుగు పట్టాలు నేలతో సమంగా కాంక్రీటులో పాతి ఉంటాయి. ఒక్కో పట్టా పక్కన, క్రేను చక్రం అంచు పోవడానికి, రెండు వేళ్ళ వెడల్పున గాడి ఉంటుంది.

ఎండాకాలం అవి ఉన్నట్టే తెలియదు. వాన పడ్డప్పుడే తెలుస్తుంది. అక్కడ వాన ఏడాదికి నాలుగు రోజులు పడితే గొప్ప. నెలల తరబడి పట్టాల మీద పేరుకున్న దుమ్మూ నూనే మొదటి చినుకుతో కలిసి సబ్బు పూసినట్టు అవుతాయి. నేను వచ్చిన మొదటి చలికాలమే దాని మీద పడి మోచెయ్యి గీరుకున్నాను. కాపలా గదిలో లాల్ అహ్మద్ అని పెషావరు ముసలాయన ఉండేవాడు. నన్ను లేపి, చేతికి కిరసనాయిల్ రాసి, తిట్టినట్టే చెప్పాడు. "అరే భాయ్, యే లోహా హై, మిట్టీ నహీ. సీధా కాటో." ఇది ఇనుము, మట్టి కాదు. పట్టాను ఏటవాలుగా ఎక్కొద్దు, సూటిగా అడ్డంగా దాటు. ముందే వేగం తగ్గించుకో. పట్టా మీద బ్రేకు పట్టొద్దు, పెడలు తొక్కొద్దు, హేండిల్ తిప్పొద్దు. వాన పడుతుంటే అసలు తొక్కనే వద్దు, దిగి నడిపించుకుపో. ఆయన గది ముందు సున్నంతో గీతలు గీసిన చోటు ఉండేది. అక్కడ దారి పట్టాలకు సరిగ్గా అడ్డంగా పోతుంది. కాస్త చుట్టు తిరుగుడు. నేను ఆ రోజు నుంచి అక్కడే దాటేవాడిని.

కొత్తవాడు వస్తే పాతవాడు యార్డంతా తిప్పి చూపించాలి, చూపించానని కాగితం మీద సంతకం పెట్టాలి. అది కంపెనీ పద్ధతి. హన్మంతు వచ్చిన రోజున నేనే తిప్పాను. మండే ఎండ. నీళ్ళ ట్యాంకు చూపించాను, సామాన్ల గది చూపించాను, దొడ్డికి పోయేది ఎటో చూపించాను. పట్టాల దగ్గరికి పోలేదు. వాన ఎప్పుడో పడేదానికి ఇప్పుడెందుకు, పడితే చెబుదాం అనుకున్నాను. నాలుగో తరగతి దాకా చదివాను కనుక సంతకం మాత్రం శుభ్రంగా పెట్టాను.

ఎనిమిది నెలలు వాడు నా సైకిలు వెనక కూర్చునే వచ్చాడు. నేను తొక్కేవాణ్ణి, వాడు పాడేవాడు.

డిసెంబరులో ఒక శుక్రవారం సత్వాకు పోయి కొత్త సైకిలు తోలుకొచ్చాడు. ఎర్రటిది. సన్నటి చక్రాలు, వంగిన హేండిలు. మూడు వందల యాభై దిర్హాములు. ఆ నెల ఊరికి ఒక్క పైసా పంపలేదు.

"ఎందుకు కొన్నవురా?" అన్నాను.

"ఎన్ని దినాలు నీ ఎనక కూసోవాలె బావా? కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నయి. మల్ల నీకే బరువు తక్కువైతది."

"నువ్వు ఎక్కి తిరిగేది సైకిలు కాదు బిడ్డా. నా పొలం ఎక్కి తిరుగుతున్నవు."

గదిలో అందరూ నవ్వారు. హన్మంతు నవ్వలేదు. "ఇడిపిస్త అన్న గద. నా నోటి మీద నమ్మకం లేకపోతే ఎందుకు తెచ్చుకున్నవు?" అన్నాడు. ఆ తర్వాత నెల పైన మేము సరిగ్గా మాట్లాడుకోలేదు. వాడు గంట కొట్టుకుంటూ రోజూ నన్ను దాటిపోయేవాడు. ఒక్కసారి కింద పడితే బాగుండు అనుకునేవాణ్ణి. పెద్దగా ఏం కాకూడదు. మోకాలు గీరుకుపోవాలి, హేండిలు వంకర పోవాలి, నలుగురూ నవ్వాలి. అంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. హన్మంతుకు సైకిలు నేర్పింది నేనే. నా పెళ్ళైన కొత్తలో, వాడికి పదేళ్ళప్పుడు, మా అత్తగారి ఊళ్ళో. ఆ ఊరి దారి నల్లరేగడి. వానాకాలం చక్రానికి బురద చుట్టుకుని సైకిలు కదలదు. ఎడ్లబండ్లు తిరిగి తిరిగి పడ్డ గాడి అడుగున మాత్రం నేల గట్టిగా ఉంటుంది. అందుకని, "వానొస్తే చక్రం గాడిల పెట్టు. గాడి ఇడువకు. గాడి నిన్ను పడనియ్యది" అని చెప్పాను. మా దిక్కు ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. వాడు తడిసి ముద్దై, గాడి వెంట తొక్కుకుంటూ ఊరు చేరి, ఎగిరి గంతులేశాడు.

ఫిబ్రవరిలో వాన పడింది. పొద్దున ఐదున్నరకు మేము గేటు దగ్గర బస్సు దిగేసరికి సన్నగా జల్లు. ఆలస్యమైతే సగం రోజు జీతం కోత. అందరూ సైకిళ్ళ తాళాలు తీసుకుంటున్నారు. నేను నా పాత సైకిలెక్కి, లాల్ అహ్మద్ గది వైపు, ఆ చుట్టుదారికి తిప్పాను. హన్మంతు దగ్గరి దారిలో కొంత దూరం పోయి, పట్టాల ముందు ఆగాడు. నీళ్ళు మెరుస్తున్నాయి. వాడికేదో అనుమానం వచ్చినట్టుంది. చాలా రోజుల తర్వాత నన్ను పిలిచాడు.

"బావా! జారేటట్టున్నది. ఎట్ల పోవాలె?"

చెప్పొచ్చు. దిగి నడువు అనడానికి ఎంతసేపు? రెండు మాటలు. కానీ ఆ ఎర్ర సైకిలు వానలో మరింత ఎర్రగా కనబడింది.

"కొత్త సైకిలు కొన్న దొరకు నేను చెప్పాల్నా? చిన్నప్పుడు నేర్పింది యాదికి లేదా? గట్లనే పో!" అన్నాను.

వాడు నవ్వాడు. నేను ఎకసెక్కానికి అన్నానని వాడికి తట్టలేదు. కోపం పోయి బావ మాట్లాడాడు అనుకున్నాడు. చక్రం తెచ్చి సరిగ్గా పట్టా పక్కన గాడిలో పెట్టాడు. సన్నటి చక్రం, అందులో కుదురుగా కూర్చుంది. తొక్కాడు. ఇరవై ముప్ఫై గజాలు దూసుకుపోయాడు.

"బావా, సూడు! రైలు లెక్క పోతున్నది!" అని అరిచాడు.

షెడ్డు వైపు తిరగాల్సిన చోట హేండిలు తిప్పాడు. బురద గాడైతే అంచు విరిగి చక్రాన్ని పైకి రానిస్తుంది. ఇనుము రానివ్వలేదు. ముందు చక్రం అక్కడే బిగుసుకుపోయింది, మనిషి పైనుంచి ఎగిరాడు. తొడ పోయి రెండో పట్టా మీద పడింది. ఆ చప్పుడు నేను వాన చప్పుడులో కూడా విన్నాను.

లాల్ అహ్మద్ గొడుగు పారేసి పరుగెత్తాడు. నేను ఆయన వెనక పోయాను. హన్మంతు ఏడవలేదు. "సైకిలు మంచిగున్నదా బావా?" అని అడిగాడు.

తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. నాలుగో రోజున ముదీరు, అంటే మా మేనేజరు, ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో నేను సంతకం పెట్టిన కాగితం ఉంది. కొత్తవాడికి దారి చూపించకపోతే తప్పు కంపెనీది. అప్పుడు మందుల ఖర్చు, ఆరు నెలల జీతం ఇస్తారు, చూపించానని అబద్ధం సంతకం పెట్టినవాడిని ఇంటికి పంపిస్తారు. చూపించినా వినకుండా పడితే మనిషిదే తప్పు. టికెట్టు చేతిలో పెడతారు, ఖలాస్.

"తుమ్ బోలా థా?" అని నన్ను అడిగాడు ముదీరు.

"సౌ బార్ బోలా సాబ్" అన్నాను.

వందసార్లు చెప్పానట. అలా అనడానికి నాకు నోరు వచ్చింది. ముదీరు మంచం వైపు తిరిగాడు. హన్మంతు నన్ను చూశాడు. కాలు పైకి కట్టి ఉంది. ఫ్యాను తిరుగుతోంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"హా సాబ్. బావ బోలా. మైనే నై సునా" అన్నాడు. బావ చెప్పాడు, నేనే వినలేదు అని.

మూడు వారాలకు వాడిని విమానం ఎక్కించారు. ఎర్ర సైకిలును నేనే ఒక మలబారీకి నూట ఇరవైకి అమ్మాను. ఊళ్ళో కాలు సరిగ్గా అతకలేదు. కరీంనగర్‌లో మళ్ళీ కోయించారు. పొలం విడిపించడానికి నేను పంపగా దాచిన పైకం లింగవ్వ తమ్ముడి కాలుకు పెట్టింది. గడువు ఆ మరుసటి ఏడు ఉగాదికి అయిపోయింది. వెంకట్రాములు మాట మీద నిలబడే మనిషి. ఉగాది మర్నాడే నాగలి కట్టించాడట.

అప్పుడు నేను క్యాసెట్టు నింపాను. ఉత్తరం రాస్తే చదివి పెట్టేవాళ్ళు కావాలి, అందుకని మేమంతా క్యాసెట్టులే పంపేవాళ్ళం. ఇంట్లో అందరూ టేప్‌రికార్డరు చుట్టూ కూర్చుని వింటారని తెలిసే మాట్లాడాను. "అక్కరకు రాని సైకిలు కొన్నడు, చెప్పింది ఇనలే, నా పొలం ముంచిండు. లింగవ్వా, నీ తమ్ముని మొకం నేను సూడ" అన్నాను. ఒక వైపు అయిపోతే తిప్పి రెండో వైపు కూడా నింపాను.

జవాబు ఏడాదికి వచ్చింది, సెలవు మీద పోయి వచ్చిన మా ఊరి పర్శరాములు చేత. ఎవరూ లేనప్పుడు పెట్టుకుని విన్నాను. లింగవ్వ గొంతు లేదు. హన్మంతుది ఒక్కటే.

"బావా, నేను హన్మంతును. నీ క్యాసెట్టు అందరం ఇన్నం. అక్క ఏడ్సి లేసి పోయింది. నేను అంగడి కాడ పంక్చర్ల దుకాణం పెట్టిన. కట్టె వట్టుకోని నడుస్త, మంచిగనే ఉన్న. పొలం సంగతి ఏమనుకుంటవో అనుకో, నేను కాదన. దవాఖానల నిజం చెప్పెటోన్నే. గాని నీ కొలువు సుత పోతే రెండిండ్లు ఏం తినాలె అని సోంచాయించిన. పట్టాల ముచ్చట అక్కకు సుత చెప్పలే, చెప్ప. ఒక్కటే అడుగుత బావా. నువ్వు ఆ దినం అది ఇనుప గాడి అని మర్సిపోయి అన్నవా, కావాల్ననే అన్నవా? మర్సిపోయిన్నంటే నాకు సాలు."

ఆ తర్వాత ఎవరో సైకిలుకు పంపు కొట్టుకుంటున్న చప్పుడు. క్యాసెట్టు అయిపోయేదాకా అదే చప్పుడు.

కొత్త క్యాసెట్టు కొని రెండేళ్ళవుతోంది. పెట్టెలో ఉంది. మూడు సార్లు టేప్‌లో పెట్టి ఎర్ర మీట నొక్కాను. మరిచిపోయాను అని రెండు మాటలు అంటే వాడికి చాలు, నాకూ చాలు. ఆ మాట రాలేదు. నింపింది వెనక్కి తిప్పి వింటే మా గది ఏసీ రొద తప్ప ఏమీ లేదు. నిజం మాత్రం ఇక్కడ రాసిపెడుతున్నాను. మరిచిపోలేదు. పడాలనే అన్నాను. ఆ తర్వాత మంచం పక్కన నిలబడి ఆ ఆరు నెలల జీతం కూడా నేనే పోగొట్టాను. అది వచ్చి ఉంటే లింగవ్వ దాచిన పైకం కదిలేది కాదు, ఉగాదికి వెంకట్రాములు బాకీ తీరేది.

ఇప్పుడు మెస్సులో మీరావలి జమీన్ అని మొదలుపెడితే నేను పళ్ళెం తీసుకుని బయటికి పోతాను. వాన పడితే లాల్ అహ్మద్ గది ముందు నిలబడి, వచ్చే ప్రతివాడినీ దింపి నడిపిస్తాను. కొందరు తిడతారు. తిట్టనీ.

పొలం పోగొట్టింది నేనే. తూర్పు బావి కింద తరి పొలం, ఎకరం పద్దెనిమిది గుంటలు.